హగరి యొడ్డున స్త్రీల ఓటు

హగరి యొడ్డున నున్న మోక గ్రామము నేడు కర్ణాటకమున బళ్లారి జిల్లాలోనిది. 1953 వరకు అది మద్రాసు రాష్ట్రమున చేరియుండెను. కావున మోక స్త్రీల ఓటుహక్కు చరిత్రను మైసూరు శాసనములలో గాక మద్రాసు శాసనములలో వెదుకవలెను.

1917 డిసెంబరు 18వ తేదీన సరోజినీ నాయుడు నాయకత్వమున స్త్రీల రాయబారమొకటి మద్రాసులో మాంటేగు దొరను దర్శించి, పురుషులతోపాటు తమకును ఓటు కావలెనని కోరెను. 1919 చట్టము ఆ విషయమును తేల్చక రాష్ట్ర శాసనసభలకు విడిచెను. 1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు నొసగ తీర్మానించెను. బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో ఇదియే మొదటిది. అమెరికా స్త్రీలకు రాజ్యాంగ సవరణమువలన ఓటు వచ్చి అప్పటికి ఏడాదియైనను కాలేదు. ఫ్రాన్సు స్త్రీలు 1944 వరకు వేచియుండవలసివచ్చెను.

అయినను తీర్మానమొకటి, నల్లరేగడి చేను వేరొకటి. ఓటునకు ఆస్తి అర్హత. పల్లెలలో ఆస్తియనగా పట్టా. పట్టాలో పేరు సాధారణముగ తండ్రిదో, భర్తదో, కొడుకుదో. జొన్నచేలలో కలుపుతీసి, ప్రత్తి ఏరిన స్త్రీ పేరు శిస్తు లెక్కలలో కనబడుట అరుదు. ఓటర్ల జాబితాకు కరణము లెక్కయే తల్లి యన్నను అతిశయోక్తి కాదు. 1935 చట్టము కొన్ని ఆస్తి అర్హతలు గల పురుషుల భార్యలకును, అక్షరాస్యులైన స్త్రీలకును ఓటిచ్చి ద్వారమును కొంత వెడల్పు చేసెను. కాని భార్యగా వచ్చిన ఓటు భర్త ఆస్తికి నీడవంటిదే.

బళ్లారి పట్టణమున మార్పు వేరుదారిని వచ్చెను. నటుడు బళ్లారి రాఘవ (1880-1946) స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి, కుటుంబస్త్రీలను రంగస్థలమునకు ప్రోత్సహించెను. ఆ రోజులలో అది అల్పమైన సాహసము కాదు.

భూమి నడుగని ఓటు 1951-52 ఎన్నికలతో వచ్చెను. అప్పుడది పేరు నడిగెను. తమ పేరు చెప్పక ‘ఫలానావారి భార్య’ యని మాత్రమే వ్రాయించుకొన్న సుమారు 28 లక్షల స్త్రీలు, ముఖ్యముగ ఉత్తరాది రాష్ట్రములవారు, జాబితాలనుండి తొలగింపబడిరి.

ఆ ఎన్నికలలో మోకవారు ఎన్నుకొన్నది మద్రాసు శాసనసభకు. మరుసటి సంవత్సరమే, 1953 అక్టోబరు 1న, ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, న్యాయమూర్తి మిశ్రా నివేదికను అనుసరించి బళ్లారి తాలూకా మైసూరునకును చేరెను. ఈ ప్రశ్నపై మాత్రము ఓటుపెట్టె నెవరును పెట్టలేదు. 1957లో ఆ గ్రామ స్త్రీలు మైసూరు శాసనసభ ఎన్నికల ఓటర్లైరి.