పొలం చుక్కల్లో పడటం అంటే ఏంటి? మన ఊరి పాత సర్వే మ్యాపుల కథ

మన ఆత్మకూరు, ఉదయగిరి వైపు పొలాల మాట వస్తే తరచూ వినపడేది ఒకటుంది: "మా పొలం చుక్కల్లో పడిందబ్బా." పొలం చుక్కల్లో పడటమేంటి? ఇది తెలియాలంటే బ్రిటిష్ వాళ్ల కాలం నాటి మ్యాపుల దగ్గరికి వెళ్లాలి.

అప్పట్లో మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. రైత్వారీ పద్ధతిలో శిస్తు రైతు నేరుగా సర్కారుకే కట్టాలి. మరి ఎవరి దగ్గర ఎంత భూమి ఉందో తెలియాలి కదా? అందుకే 1858లో సర్వే శాఖ పెట్టి, ఊరూరా గొలుసులతో కొలిచారు. ఒక గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం 4,356 చదరపు అడుగులు. అలాంటివి పది కలిస్తే ఎకరం. అంటే ఒక్కో చదరం పది సెంట్లు. ఈరోజు మనం ప్లాటు కొనేటప్పుడు బేరమాడే "సెంటు" లెక్క ఈ గొలుసుతో అంత సరిగ్గా కుదురుతుంది!

కొలిచాక మూడు రికార్డులు తయారయ్యాయి. ఒకటి, ఊరి మ్యాపు. రెండోది ఎఫ్‌ఎంబీ, అంటే ఒక్కో సర్వే నంబరుకు గీసిన కొలతల బొమ్మ. మూడోది ఆర్‌ఎస్‌ఆర్, రీ సెటిల్‌మెంట్ రిజిస్టర్. ఏది మాగాణి, ఏది మెట్ట, నేల ఏ తరం, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు, అన్నీ అందులోనే. చెరువు, వాగు, దారి, శ్మశానం లాంటివి పోరంబోకు. ఊళ్లో ఏ నేల దేనికో తేల్చేసిన ప్లాన్ అన్నమాట.

ఇప్పుడు అసలు పాయింట్. కొన్ని నంబర్ల దగ్గర అది సర్కారుదా, ప్రైవేటుదా తేలలేదు. పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే అది నల్ వాల్యూ. నల్ అంటే "తెలియదు" అనే గానీ "సర్కారుది" అని కాదు. కానీ తర్వాత దాన్ని చదివిన వ్యవస్థ చాలాచోట్ల సర్కారు భూమిగానే లెక్కేసింది.

ఆ గడి ఖాళీగానే ఉండగా తరాలు మారాయి. జనం దున్నుకున్నారు, అమ్ముకున్నారు, పంచుకున్నారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దు చేసింది. దాంతో ఊరి లెక్కలు నోటిమీద చెప్పగలిగిన మనుషులూ తగ్గిపోయారు. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద నిషేధిత జాబితాలు వచ్చాయి. చుక్కల భూములు అందులోకి ఎక్కాయి. అంతే, తాతల నుంచి సాగులో ఉన్న పొలమైనా అమ్మలేం, కూతురి పెళ్లికి తాకట్టు పెట్టలేం.

దీనికోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. 2023 మేలో మన జిల్లాలోని కావలి సభలో, రెండు లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూముల్ని నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. ఎప్పుడో పెట్టిన చుక్క ఎంతమందిని ఇబ్బంది పెట్టిందో చూడండి.

అలాగని పాత మ్యాపుల్ని విలన్ చేయకండి. మనది వానల మీద, చెరువుల మీద బతికే మెట్ట ప్రాంతం. చెరువు ఎంత వరకు ఉండేదో, వాగు ఎటు పారేదో చెప్పే సాక్ష్యం ఆ కాగితమే. ఎవరైనా చెరువు పోరంబోకులో ప్లాట్లు వేస్తే, ఊరి తరఫున మాట్లాడేది అదే.

2020 డిసెంబరులో డ్రోన్లు, రోవర్లతో రీసర్వే మొదలైంది. రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీ నంబర్లు వచ్చాయి. యంత్రం గట్టును సెంటీమీటర్లలో కొలవగలదు. ఆ గట్టు ఎవరిదో మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సింది కాగితమూ, మనుషులే.

అందుకే ఒక పని చేయండి. మీభూమి సైట్‌లో మీ అడంగల్, ఎఫ్‌ఎంబీ చూడండి. పొలం కొనేముందు 22ఏ జాబితా చెక్ చేయండి. ఆర్‌ఎస్‌ఆర్ నకలు కోసం తహసీల్దార్ ఆఫీసులో అడగండి. ముఖ్యంగా, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే వాళ్లని పొలం దగ్గరికి తీసుకెళ్లి హద్దు రాళ్లు ఎక్కడున్నాయో చూపించమనండి. మ్యాపులో లేని సంగతులు కొన్ని వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.