ఇంటి భాషకు బడిలో చోటు దొరికిన కథ

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో టూసాన్ నగరం ఉంది. 1850ల దాకా అది మెక్సికోదే. తర్వాత దేశం మారింది గానీ ఇళ్లల్లో స్పానిష్ మాట మారలేదు. బడి మాత్రం ఆ మాటను తప్పుగా చూసింది. ఇంగ్లీషు రాని పిల్లల్ని ముందు ‘1సి’ అనే ప్రత్యేక తరగతిలో కూర్చోబెట్టేవారు. ఇంగ్లీషు పట్టుబడ్డాకే ఒకటో తరగతి. కొందరికి అక్కడే ఏడాది, రెండేళ్లు గడిచిపోయేవి. అలా వెనకబడినవాళ్లలో ఎంతోమంది హైస్కూలు పూర్తికాకుండానే చదువు మానేసేవారు.

ఆ ఊళ్లోనే 1926లో హ్యాంక్ ఒయామా పుట్టాడు. జపాన్ సంతతివాడు. తల్లి మెక్సికోలో పెరగడంతో ఇంట్లో మాట్లాడేది స్పానిష్. మెక్సికన్ పేటలో ఆటపాటలన్నీ ఆ భాషలోనే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి, ముఖం చూసి శత్రువుల జాబితాలో వేసి, జపాన్ సంతతివాళ్లను ఉంచిన పోస్టన్ నిర్బంధ శిబిరానికి అతణ్ని పంపారు. బయటికి వచ్చాక అమెరికా సైన్యంలోనే పనిచేశాడు. ఆపైన చదువుకుని టూసాన్‌లోని ప్యూబ్లో హైస్కూల్లో ఉపాధ్యాయుడయ్యాడు. 1959లో తెల్లజాతి అమ్మాయిని పెళ్లాడబోతే, అలాంటి పెళ్లిళ్లను నిషేధించిన అరిజోనా చట్టం అడ్డొచ్చింది. కోర్టుకు వెళ్లి గెలిచాడు. ఎవరో గీసిన గీత దగ్గర ఆగిపోవడం ఆయన స్వభావంలో లేదు.

అదే బడిలో మారియా ఉర్కీడెస్ ఉండేవారు. ఆమె ఉద్యోగ జీవితం 1920ల చివర్లో డేవిస్ ప్రాథమిక పాఠశాలలో మొదలైంది. స్పానిష్ మాట్లాడిన పిల్లల్ని దండించాలన్నది అప్పటి నియమం. ఆమె తల్లిభాషా స్పానిషే. అయినా నియమం పాటించారు. ఆ బాధ ఆమెను జీవితాంతం వదల్లేదు. దాన్ని ఎక్కడా దాచుకోలేదు కూడా.

ఒయామా, ఉర్కీడెస్, స్పానిష్ ఉపాధ్యాయుడు అడాల్బెర్టో గెరెరో కళ్లముందు ఒక వింత ఉండేది. స్పానిష్ పాఠ్యపుస్తకాలన్నీ ఇంగ్లీషు పిల్లల కోసం రాసినవి. ఇంట్లో అమ్మమ్మతో గంటల తరబడి స్పానిష్‌లో కబుర్లు చెప్పే పిల్లవాడు బడికొచ్చి అదే భాషలో ‘నమస్కారం, బాగున్నారా’ దగ్గర మొదలుపెట్టాలి. అలాగని వాడికి ఆ భాషలో చదవడం, రాయడం ఎవరూ నేర్పలేదు. మాట నిండుగా ఉంది, అక్షరం లేదు. రెండు భాషలకు వారసుడు కావలసినవాడు రెండింటిలోనూ వెనకబడుతున్నాడు.

అందుకే 1950ల చివర్లో ప్యూబ్లోలో స్పానిష్ మాట్లాడే పిల్లలకే వేరుగా స్పానిష్ తరగతులు పెట్టారు. వ్యాకరణంతో పాటు సాహిత్యం చదివించారు, వ్యాసాలు రాయించారు. పిల్లల్లో ధైర్యం పెరిగింది. ఆ ధైర్యం మిగతా పాఠాలకూ అక్కరకొచ్చింది.

అమెరికా ఉపాధ్యాయుల సంస్థ అయిన జాతీయ విద్యా సంఘానికి ఈ సంగతి తెలిసింది. ఆ సంఘం తరఫున మన్రో స్వీట్‌లాండ్ ప్రోత్సాహంతో టూసాన్ ఉపాధ్యాయుల బృందం అరిజోనా, కాలిఫోర్నియా, కొలరాడో, న్యూ మెక్సికో, టెక్సాస్ రాష్ట్రాల్లో బడులను పరిశీలించింది. ఎక్కడ ఇంటి భాషకు చోటిచ్చారో, అక్కడ ఏం ఫలించిందో రాసుకుంది. 1966లో ‘కనిపించని అల్పసంఖ్యాకులు’ అనే అర్థం వచ్చే పేరుతో నివేదిక వెలువడింది. పిల్లల ఓటమికి వాళ్ల భాషను నిందించవద్దని, తొలి తరగతుల్లో రెండు భాషల్లోనూ బోధించాలని అది చెప్పింది.

ఆ ఏడాది అక్టోబరు చివర్లో టూసాన్‌లో సదస్సు పెట్టారు. టెక్సాస్ సెనేటర్ రాల్ఫ్ యార్‌బరో వచ్చి విన్నాడు. 1967లో ద్విభాషా బోధనకు సాయం చేసే బిల్లును సెనేట్‌లో పెట్టాడు. మొదట అది స్పానిష్ పిల్లలను ఉద్దేశించిందే. చర్చల్లో నడిచి నడిచి, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పిల్లలందరికీ వర్తించేలా విస్తరించింది.

1968 జనవరి 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దాని మీద సంతకం చేశాడు. ఆయన కూడా 1928లో టెక్సాస్‌లోని కొటులాలో మెక్సికన్ కూలీల పిల్లలకు పాఠాలు చెప్పినవాడే. ఆ పిల్లల ఆకలిని, అవమానాన్ని మరిచిపోలేదు. అప్పట్లో ఆయనా బడి ఆవరణలో స్పానిష్‌ను సహించలేదు. అలాంటి చేతితోనే ద్విభాషా విద్యా చట్టం వచ్చింది. మొదటి కేటాయింపు 75 లక్షల డాలర్లు, 76 ప్రాజెక్టులు. దేశం మొత్తానికి అది చాలా చిన్న మొత్తం. కానీ ఇంటి భాషలో చదువు చెప్పడానికి కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం చేయడం అదే మొదలు.

ఒయామా తర్వాత పీమా కమ్యూనిటీ కాలేజీకి వెళ్లి ద్విభాషా విద్యను పెంచాడు. దారంతా సాఫీగా సాగలేదు. 2000లో అరిజోనా ఓటర్లు ద్విభాషా బోధనను చాలావరకు కట్టిపెట్టారు. 2002లో కేంద్రం తెచ్చిన కొత్త చట్టం 1968 నాటి ద్విభాషా విద్యా చట్టం స్థానంలోకి వచ్చింది. అయినా ఉర్కీడెస్ పనిచేసిన డేవిస్ బడిలో ఇప్పుడు స్పానిష్, ఇంగ్లీషు రెండూ బోధనా భాషలే. ఒయామా పేరుతో టూసాన్‌లో ఒక పాఠశాల ఉంది.

పిల్లవాడికి ఏం రాదో లెక్కవేయడం తేలిక. ఈ ఉపాధ్యాయులు ముందు వాడికి ఏం వచ్చో అడిగారు. దొరికిన జవాబును నమ్మి తరగతి పెట్టారు, ఊళ్లు తిరిగారు, దేశం చేత చట్టం చేయించారు. ఇల్లొక భాష, బడొక భాషగా పెరుగుతున్న పిల్లలున్న ప్రతిచోటా ఆ ప్రశ్న మళ్లీ అడగాలి. అడగాల్సినవాళ్లలో మొదటివాడు తరగతి గదిలోని ఉపాధ్యాయుడే.