నెఫర్తారి గోడల్లో ఉప్పు

ఈజిప్టు తవ్వకాలనగానే మనకు గుర్తుకు వచ్చేవి 1922, హోవర్డ్ కార్టర్, టుటంఖామున్ బంగారు ముసుగు. నాకు మాత్రం అంతకు పద్దెనిమిదేళ్ళ ముందు, 1904లో, లక్సర్‌కు ఎదురుగా నైలు పడమటి గట్టున ఉన్న రాణుల లోయలో బయటపడిన సమాధి కథే ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది. అందులో నిధి లేదు. ఉన్నవల్లా గోడలు, ఆ గోడలను తినివేస్తున్న ఉప్పు.

అది రెండవ రామ్సెస్ పట్టపురాణి నెఫర్తారి సమాధి. క్రీస్తు పూర్వం పదమూడవ శతాబ్దం నాటిది. ట్యూరిన్‌లోని ఈజిప్షియన్ మ్యూజియం అధిపతి ఎర్నెస్తో స్కియాపరెల్లి లోనికి అడుగుపెట్టేసరికి, దొంగలు ఏనాడో తమ పని ముగించుకుని వెళ్ళిపోయారు. ఒక జత చెప్పులు, పగిలిన శవపేటిక మూత, మమ్మీ కాళ్ళ ముక్కలు వంటివి మిగిలాయి. వారు మోసుకుపోలేనివి చిత్రాలు. నీలపు కప్పు మీద పసుపు నక్షత్రాలు, తెల్లని పలుచటి వస్త్రం ధరించిన రాణి, ఒకచోట ఆమె ఒంటరిగా కూర్చుని సెనెట్ అనే పావులాట ఆడుతూ ఉంటుంది. మూడు వేల ఏళ్ళు దాటినా ఆ రంగుల్లో అలసట కనపడదు.

కానీ ఆ కొండ సున్నపురాయి నాసిరకం. శిల్పులు నేరుగా రాతిని చెక్కలేక, దానిమీద గార పూసి, ఆ గారలో బొమ్మలు మలిచి రంగులు వేశారు. రాతిలోనే ఉప్పు ఉంది. తేమ తగిలినప్పుడు అది కరిగి పైకి వస్తుంది. తేమ ఆరగానే రాతికీ గారకూ మధ్య స్ఫటికమై పెరిగి గారను బయటకు నెడుతుంది. మన సముద్రతీరపు ఊళ్ళలో గోడలకు చవుడెక్కి సున్నం పెళ్ళలుగా రాలడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. తడి గారతోనే కొంత తేమ వచ్చింది, అరుదుగా కురిసే వానలతో కొంత. సమాధి తెరిచాక చూడవచ్చిన మన ఊపిరీ, చెమటా దానికి తోడయ్యాయి.

1986లో ఈజిప్టు పురావస్తు సంస్థ, అమెరికాలోని గెట్టీ సంరక్షణ సంస్థ కలిసి పని మొదలుపెట్టాయి. పౌలో మోరా, లారా మోరా అనే ఇటలీ దంపతులు చికిత్సకు నాయకత్వం వహించారు. ఊడిపోబోతున్న పెళ్ళలు ముందు రాలకుండా జపాను కాగితపు సన్నని పట్టీలను వేలకొద్దీ అతికించారు, గాయానికి కట్టు కట్టినట్టు. ఆ తరువాత ఉప్పు తీసి, గారను తిరిగి రాతికి అతికి, దుమ్మూ మసీ తుడిచారు. 1992 దాకా సాగిందా పని. స్కియాపరెల్లి కాలపు ఫోటోలు ట్యూరిన్‌లో భద్రంగా ఉండబట్టి, ఈలోగా ఎంత రాలిపోయిందో పోల్చి చూడగలిగారు. తవ్వినవాడు తీసిన ఫోటో ఒక్కోసారి అతనికి దొరికిన వస్తువుకన్న విలువైనది!

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వారు చేయని పని. రాలిపోయిన చోట కొత్త బొమ్మ గీయలేదు. చేయి తిరిగిన చిత్రకారులకు నాలుగు గీతలతో రాణి చేతిని పూర్తిచేయడం ఎంత సులువు! గీసి ఉంటే యాత్రికులు మెచ్చుకునేవారు. అయినా ఖాళీని ఖాళీగానే వదిలారు. పునరుద్ధరణ పేరుతో పాత గుళ్ళకు రంగులు పులిమేవారు ఒక్కసారి ఈ సమాధి కథ చదివితే బాగుండును.

1995లో సమాధిని తిరిగి తెరిచినప్పుడు రోజుకు నూట యాభై మందిని, కొద్ది నిమిషాల సేపే అనుమతించారు. తరువాత మళ్ళీ మూశారు, మళ్ళీ తెరిచారు, ఖరీదైన ప్రత్యేక టికెట్టు పెట్టారు. టికెట్టు వెల పెరిగితే జనం తగ్గుతారు నిజమే. కానీ డబ్బున్నవాడి ఊపిరిలో తేమ తక్కువేమీ ఉండదు కదా. టుటంఖామున్ సమాధికి అచ్చమైన నకలు తయారుచేసి, 2014లో కార్టర్ నివసించిన ఇంటి దగ్గరే నెలకొల్పారు. నెఫర్తారికీ అటువంటిదే కట్టి, అసలు సమాధి తలుపు మూసివేయాలని నా అభిప్రాయం. ఎప్పటికైనా నేనే లక్సర్ వెళితే, ఆ నకలు ఒక్కటే చూసి తిరిగి వస్తానా అంటారా? ఏమో!