ఉద్యోగం వెతుకుతున్నట్లు మీ కంపెనీకి ఎలా తెలుస్తుంది? సెట్టింగ్స్ ఎంతవరకు కాపాడతాయి?

నౌకరీ లాంటి సైట్‌లో రెజ్యూమె పెడితే అది ఒక పెద్ద డేటాబేస్‌లో చేరుతుంది. కంపెనీలు, కన్సల్టెన్సీలు డబ్బు కట్టి అందులో వెతుక్కుంటాయి. అలా డబ్బు కట్టేవారిలో మీరిప్పుడు పనిచేస్తున్న కంపెనీ కూడా ఉండొచ్చు. 'ప్రస్తుత కంపెనీ' అన్నచోట హెచ్‌ఆర్ వాళ్లు తమ సంస్థ పేరే కొట్టి వెతికితే, వేరే ఉద్యోగం చూసుకుంటున్న సొంత ఉద్యోగులే కనిపిస్తారు.

నిజానికి ఇందులో దాచాల్సినంత తప్పేమీ లేదు. 2022 సెప్టెంబరులో విప్రో 300 మందిని తొలగించింది పోటీ సంస్థలకు పనిచేస్తున్నారన్న కారణంతో. ఒక ఉద్యోగంలో ఉంటూ మరొకటి వెతుక్కోవడం అది కాదు. చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది.

కానీ 'వీడు ఎలాగూ వెళ్లిపోతాడు' అని మేనేజర్ ఒకసారి అనుకున్నాక అప్రైజల్‌లోనో, మంచి ప్రాజెక్టు ఇచ్చేటప్పుడో తేడా వస్తుంది. కోతలు మొదలైతే ముందు గుర్తొచ్చేదీ ఆ పేరే. ఆఫర్ చేతికి రాకముందే విషయం బయటపడితే రెండిందాలా నష్టం. చాలా ఐటీ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. 'వెంటనే చేరేవాళ్లే కావాలి' అనే రిక్రూటర్ల మధ్య ఈ వేట నెలల తరబడి సాగొచ్చు. అన్నాళ్లూ గుట్టు కాపాడుకోవాలి.

బ్లాక్ చేస్తే చాలా?

నౌకరీలో మీ ప్రొఫైల్ ఫలానా కంపెనీలకు కనిపించకుండా బ్లాక్ చేసుకోవచ్చు. మొదట చేయాల్సిన పని అదే. మీ కంపెనీతో పాటు దాని అనుబంధ సంస్థలు, మీరు పనిచేస్తున్న క్లయింట్ పేర్లు కూడా చేర్చాలి.

అయితే బ్లాక్ అయ్యేది ఆ పేరు మాత్రమే. మీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీకి మీ రెజ్యూమె కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ పనిచేసే కుర్రాడు రోజుకు పదుల రెజ్యూమెలు పంపుతూ, మీది మీ సొంత హెచ్‌ఆర్‌కే పంపేయొచ్చు. అందుకే కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వస్తే ముందు అడగాల్సింది జీతం గురించి కాదు, ఏ కంపెనీ కోసమని. 'నన్ను అడగకుండా ఎవరికీ పంపొద్దు' అని మెయిల్‌లో రాసిపెట్టండి.

పేరు చెప్పకుండా 'ప్రముఖ ఎంఎన్‌సీలో ఖాళీలు' అని వచ్చే ప్రకటనలతోనూ ఇదే చిక్కు. ఆ ప్రముఖ ఎంఎన్‌సీ మీదే కావొచ్చు.

లింక్డ్‌ఇన్‌లో 'ఓపెన్ టు వర్క్' పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి అందరికీ కనిపించేది, ఫొటో చుట్టూ పచ్చ పట్టీతో. రెండోది రిక్రూటర్లకు మాత్రమే కనిపించేది. రెండోది ఎంచుకుంటే మీ కంపెనీ, దాని అనుబంధ సంస్థల రిక్రూటర్లకు కనిపించకుండా చూస్తామని, కానీ పూర్తి గోప్యతకు హామీ ఇవ్వలేమని లింక్డ్‌ఇనే చెబుతోంది. ప్రొఫైల్ మార్పుల గురించి పరిచయస్తులకు సమాచారం వెళ్లే సెట్టింగ్‌ను కూడా ముందే ఆపేయాలి. మూడేళ్లుగా ముట్టుకోని ప్రొఫైల్‌లో ఫొటో, హెడ్‌లైన్, నైపుణ్యాలు అన్నీ ఒక్క రాత్రిలో మారితే ఏ సెట్టింగూ కాపాడదు. కొంచెం కొంచెంగా మార్చుకోవడం మేలు.

ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో వద్దు

ఇన్‌కాగ్నిటో విండో తెరిస్తే ఎవరికీ తెలియదని చాలామంది నమ్మకం. అది ఆ బ్రౌజర్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుందంతే. మీరు ఏ సైట్‌కు వెళ్లారో కంపెనీ నెట్‌వర్క్‌లో నమోదు కావొచ్చు. ల్యాప్‌టాప్‌లో కంపెనీ వేసిన నిఘా సాఫ్ట్‌వేర్ ఉంటే, ఇంటి వైఫైకి మారినా అది పనిచేస్తూనే ఉంటుంది. పేస్లిప్పులు ఆఫీస్ మెయిల్ నుంచి సొంత మెయిల్‌కు పంపుకోవడం కూడా కొన్ని కంపెనీల్లో సెక్యూరిటీ టీమ్ దృష్టికి వెళుతుంది. నెలనెలా జీతం పడగానే సొంత ఫోన్‌లో దింపుకుంటే ఆ అవసరమే రాదు.

చట్టం అండగా ఉంటుందనుకోవడానికీ పెద్దగా వీల్లేదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాల కోసం, సంస్థకు నష్టం జరగకుండా చూసుకోవడం కోసం ఉద్యోగి డేటాను సమ్మతి లేకుండా వాడుకునే వెసులుబాటు యజమానికి ఇచ్చింది.

ఇక, టీమ్ మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తుండగా మూలన 'మీ ఇంటర్వ్యూ ఖరారైంది' అని నోటిఫికేషన్ రావడం. దానికి ఏ నిఘా సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

రెఫరల్ తిప్పలు

సైట్ల కంటే మనుషుల ద్వారానే విషయం ఎక్కువగా బయటకొస్తుందని నా అభిప్రాయం. మాదాపూర్, గచ్చిబౌలిలో కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో 'రెఫరల్ ఉంటే చెప్పండ్రా' అని పెడితే, ఆ గ్రూపులో మీ మేనేజర్ రూమ్మేట్ ఉండడని చెప్పలేం. ఒక్కరినే ఎంచుకుని, విడిగా అడిగి, 'మన మధ్యే ఉండాలి' అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే అది రహస్యమని వాళ్లకు తెలియదు.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న తెలుగువారికి ఇది మరింత సున్నితమైన విషయం. ఉద్యోగం పోతే కొత్త పిటిషన్ వేయించుకోవడానికో, వేరే స్టేటస్‌కు మారడానికో, దేశం విడిచి వెళ్లడానికో సాధారణంగా గరిష్ఠంగా 60 రోజులే గడువు.

ఆఫర్ వచ్చాక కూడా జాగ్రత్త అవసరమే. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారంలో 'ప్రస్తుత యజమానిని సంప్రదించవచ్చా?' అనే ప్రశ్న ఉంటుంది. హడావుడిలో 'అవును' అని టిక్ పెట్టేస్తే, మీరు రాజీనామా ఇవ్వకముందే వెరిఫికేషన్ ఏజెన్సీ మెయిల్ మీ హెచ్‌ఆర్‌కు చేరుతుంది. 'రిలీవ్ అయ్యాకే' అని రాసి, కొత్త కంపెనీ హెచ్‌ఆర్‌కూ అదే మాట మెయిల్‌లో పంపండి.