మందు కొట్టిన చేతులు

సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్ దిక్కు 'మందు' అనే మాటకు మూడు అర్థాలున్నాయి. రోగానికి వేసుకునేది మందు. పొద్దుమూకి తాగేది మందు. చేను మీద కొట్టేది కూడా మందే. 'మందు కొట్టిండు' అంటే సారా తాగిండా, పత్తికి పంపు పట్టిండా అనేది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. 'మందు తాగిండు' అని ఎవరైనా ఉరికి వచ్చి చెబితే మాత్రం ఒక్కోసారి వాడ వాడంతా లేస్తుంది. విషం ఇంత సులువుగా మందు పేరుతో మన ఇళ్ళలోకి ఎట్లా వచ్చింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఆ చేతులకు ఏమైంది అనే విషయాన్ని ఈ వ్యాసంలో మేము చర్చించదలచుకున్నాం.

తినే తిండిలో రసాయనాలున్నాయా, అవి మనిషి ఆరోగ్యాన్నీ ప్రవర్తననూ మారుస్తాయా అని పట్టణాల్లో చదువుకున్నవాళ్ళు అడుగుతున్నారు. సరైన ప్రశ్నే. అయితే ఇది కంచం దగ్గర మొదలయ్యే ప్రశ్న. మేము చేను దగ్గర మొదలుపెడుతున్నాం. కంచంలోకి చుక్కగా వచ్చే విషం అంతకంటే ముందు డబ్బాలకొద్దీ ఎవరి ఒంటి మీద పడ్డది? హరితవిప్లవ చరిత్ర రాసినవాళ్ళు విత్తనాల గురించి, దిగుబడుల గురించి, శాస్త్రవేత్తల గురించి రాశారు. పంపు మోసిన వీపు గురించి రాయలేదు.

మందుకు ముందు

దౌల్తాబాద్ 2016 అక్టోబర్ 11 దాకా మెదక్ జిల్లాలో ఉండేది. ఇక్కడివి ఎక్కువగా వానను నమ్ముకున్న చెల్కలు. జొన్న, మక్క, సజ్జ, కంది, పెసర కలిపి వేసేవాళ్ళు. చెరువు కింద తరి భూమి దొరలదీ పటేండ్లదీ. వాళ్ళింట్ల వరన్నం, మన వాడల గట్క. కాబట్టి పాతకాలం బంగారమని మేము చెప్పటం లేదు. వెట్టి ఉన్నది, ఆకలి ఉన్నది, అంటరానితనం ఉన్నది. అయినా వాడకు ఆ చెల్కల్లో ఒక తిండి ఆధారం ఉండేది. కలుపుకు పోయిన ఆడవాళ్ళు సాయంత్రానికి కొంగులో కూర తెచ్చేవాళ్ళు. గంగవాయిలి, దొగ్గలి, గునుగు, తుమ్మి, పొన్నగంటి. విత్తనం వేయకుండా మొలిచేవి, పైస పెట్టకుండా దొరికేవి. భూమి లేనివాళ్ళ పోషణ శాస్త్రం అదే. దానికి పుస్తకం లేదు.

1973 భూపరిమితి చట్టం తర్వాత కొందరు మాల మాదిగలకు పట్టాలు వచ్చాయి. వచ్చింది చాలావరకు రాళ్ళ చెల్క. అందువల్ల దళితుడు ఒకే కాలంలో చిన్న రైతూ అయిండు, ఇతరుల పొలంలో కైకిలి మనిషీ అయిండు. ఈ రెండు పాత్రల్లోనూ విషం అతన్ని కలిసింది.

విషం పుట్టుక

ఈ రసాయనాల వంశవృక్షం యుద్ధంలో ఉన్నది. జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ కంపెనీలో పనిచేసిన గెర్హార్డ్ ష్రాడర్ పురుగులను చంపే భాస్వర సమ్మేళనాల కోసం వెతుకుతూ 1936లో 'టాబున్' అనే నరాల విషవాయువును కనుగొన్నాడు. పారాథియాన్ కూడా ఆయన చేతిలో పుట్టిందే. అదే మన దేశానికి 'ఫాలిడాల్' పేరుతో వచ్చింది. మోనోక్రోటోఫాస్ ఈ కుటుంబానిదే. మనిషిని చంపేందుకు తయారైన విషమూ పురుగును చంపేందుకు తయారైన విషమూ నరాల మీద ఒకే తీరుగ పనిచేస్తాయి.

1958లో కేరళలో ఫాలిడాల్ కలిసిన గోధుమ పిండి తిని 100 మందికి పైగా చనిపోయారు. ఆ ఘటన మీద జరిగిన విచారణ తర్వాత 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. మన చట్టం తినేవాళ్ళ చావు నుంచి పుట్టింది. కొట్టేవాళ్ళ చావు దానికి తర్వాతి సంగతి. తెలుగు పల్లెల్లో ఎండ్రిన్ అనే మాట ఆత్మహత్యకు మారుపేరైపోయిన ఎన్నో ఏండ్లకు, 1990లో ఎండ్రిన్‌ను నిషేధించారు.

మెదక్ చెల్కల్లో బోర్లు పడ్డకొద్దీ వరి, పత్తి పెరిగాయి. జొన్న తగ్గింది. ఎరువుల దుకాణం అప్పు ఇచ్చే సాహుకారు కూడా అయింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మందు కొట్టే పనిలోనూ కులం దిగింది. పట్టాదారు ఖాతా మీద డబ్బా తెస్తాడు. మూత తీసి నీళ్ళలో కలిపేది, బిందెలతో నీళ్ళు మోసేది చాలాచోట్ల ఆడవాళ్ళు. పంపు వీపుకు కట్టుకునేది కైకిలి మనిషి. కాళ్ళకు చెప్పులుండవు, మూతికి తువ్వాల తప్ప ఏమీ ఉండదు. కులం అంటే పని విభజన మాత్రమే కాదు, పనివాళ్ళ విభజన అని అంబేద్కర్ 1936లోనే చెప్పిండు. ఆ విభజనకు ఇప్పుడు విషం పాళ్ళు కూడా తోడైనయి.

ఓరుగల్లు లెక్కలు

1997-98లో వరంగల్ జిల్లాలో లద్దె పురుగు పత్తిని తిన్నది. ఎంత కొట్టినా పురుగు చావలేదు. అప్పులు చావలేదు. రైతులు చనిపోయారు. ఎకరం, రెండెకరాల వాళ్ళు, కౌలుదార్లు వాళ్ళలో ఎందరో ఉన్నారు. 1997 నుంచి 2002 దాకా వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో పురుగుమందు విషంతో చేరినవాళ్ళు 8,040 మంది. నూటికి 22 మందికి పైగా చనిపోయారు. 2002లో చేరినవాళ్ళలో నూటికి 96 మంది కావాలని తాగినవాళ్ళే, మూడింట రెండు వంతులు ముప్పై ఏండ్ల లోపువాళ్ళు. ఈ లెక్కలు 2005లో అచ్చయిన పరిశోధనలోనివి.

అదే ఏడు వచ్చిన ఇంకో పరిశోధన ఎక్కువమంది చదవలేదు. 2003లో ఫ్రాంచెస్కా మాన్సీనీ బృందం మూడు పత్తి పల్లెల్లో 50 మంది ఆడరైతుల చేత, తమకూ తమ ఇంటి మగవాళ్ళకూ మందు కొట్టినప్పుడల్లా ఏమైందో రాయించింది. 323 సంఘటనల్లో నూటికి 83కు పైగా విష లక్షణాలు కనిపించాయి. పంపు పట్టకుండా మందు కలిపిన, నీళ్ళు నింపిన ఆడవాళ్ళకూ కొట్టిన మగవాళ్ళంత దెబ్బ తగిలింది. నూటికి 6 సంఘటనల్లో పరిస్థితి చాలా తీవ్రంగా ఉన్నా ఒక్కరు కూడా ఆసుపత్రికి పోలేదు. భూస్వాముల కంటే సన్నకారు రైతులకే తీవ్ర విషం ఎక్కువసార్లు తగిలింది. ఆసుపత్రి రిజిస్టర్లో తాగినవాళ్ళే కనిపిస్తారు. కొట్టి కళ్ళు తిరిగి చెట్టు కింద పండుకున్నవాళ్ళు కనిపించరు. మన చరిత్ర ఆ చెట్టు కింద ఉన్నది.

ప్రవర్తన అనే ప్రశ్న

నరం నుంచి నరానికి, నరం నుంచి కండకు సంకేతం పోయేందుకు ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం పనిచేస్తుంది. పని అయినంక దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఈ భాస్వర విషాలు కట్టేస్తాయి. దాంతో సంకేతం ఆగదు. చెమటలు, చొంగ, కనుపాప చిన్నదవటం, కండలు అదరటం, ఊపిరి ఆడకపోవటం. మెదడులోనూ అదే జరుగుతుంది కాబట్టి గాబరా, తికమక, నిద్ర చెడటం ఉంటాయి. ఇంతవరకు వివాదం లేదు.

కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి తగిలితే ఏమవుతుంది? దిగులుతో, ఆత్మహత్యతో దీనికి సంబంధం ఉన్నదా అని దక్షిణాఫ్రికా పరిశోధకుడు లెస్లీ లండన్, ఆయన సహచరులు 2005లో అప్పటిదాకా వచ్చిన ఆధారాలన్నీ పరిశీలించారు. చేతికందే విషం ఆత్మహత్యకు సాధనం మాత్రమే కాకపోవచ్చు, ముందునుంచే మనసును కుంగదీసే కారణాల్లో ఒకటి కూడా కావచ్చునని వాళ్ళు వాదించారు. కాలిఫోర్నియా సాలినాస్ లోయలో మెక్సికన్ వ్యవసాయ కూలీల కుటుంబాల మీద జరిగిన పరిశోధన 2011లో అచ్చయింది. కడుపుతో ఉన్నప్పుడు ఈ విషాల జాడలు అందరికంటే ఎక్కువ ఉన్న తల్లుల పిల్లలకు, ఏడేండ్ల వయసులో తెలివితేటల పరీక్షలో అందరికంటే తక్కువ ఉన్నవాళ్ళ పిల్లల కన్నా సగటున 7 మార్కులు తక్కువ వచ్చాయి. ఆ తల్లులూ మన తల్లుల లాంటి కైకిలోళ్ళే.

ఇక్కడ మేము జాగ్రత్తగా మాట్లాడదలచుకున్నాం. ఇవి సంబంధాలను చూపే ఆధారాలు. ఫలానా మనిషి ఫలానా మందు వల్లనే కోపిష్టి అయిండు, తాగుబోతు అయిండు అని వీటితో తేల్చలేం. పైగా మన ప్రవర్తన గురించి మాట్లాడటం ఆధిపత్య కులాలకు పాత అలవాటు. 1871లో తెల్లదొరలు కొన్ని కులాలనూ తెగలనూ పుట్టు నేరస్తులని చట్టమే చేశారు. రేపు 'వాడ పిల్లల మెదళ్ళు మందుతో చెడిపోయినయి, చదువు రాదు' అని ఇదే శాస్త్రాన్ని మన మీదికి తిప్పరని నమ్మకం ఏమిటి? అందుకే మేము అనేది ఇది: విషం తగిలిన మనిషిని పరీక్షించే ముందు విషం తగిలించిన పనిని పరీక్షించాలి. అప్పులో మునిగి, పంట పోయి, నరాలు దెబ్బతిన్న మనిషి చనిపోతే 'మనోధైర్యం లేదు' అనేవాళ్ళు ఆ మూడింటిలో ఒక్కదాన్నీ లెక్క పెట్టటం లేదు.

ఎవరి విషం లెక్కలోకి వచ్చింది?

2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది. అదే నెలలో పార్లమెంటు సంయుక్త సంఘాన్ని వేసింది. 2004 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. మంచిదే. కానీ వరంగల్‌లో వందల మంది చనిపోయినప్పుడు అట్లాంటి సంఘం ఏర్పడలేదు. సీసాలో ఉన్న విషం దేశ సమస్య అయింది, పంపులో ఉన్న విషం కైకిలోని అజాగ్రత్త అయింది.

2013 జూలై 16న బీహార్ సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది మోనోక్రోటోఫాస్. కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఆంక్ష పెట్టిన మందు అది. 2017లో మన ఆదిలాబాద్‌ను ఆనుకొని ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ గాలి పీల్చి ఇరవై మంది దాకా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. కైకిలికి పోయినవాళ్ళు అందులో ఎందరో. 2018లో తెలంగాణలో రైతుబీమా వచ్చింది. పాసుపుస్తకం ఉన్నవాడు దానికి రైతు. పంపు మోసిన భూమిలేని మనిషి దానికి ఎవరూ కాదు.

గడ్డిమందు

పురుగుమందు ఒంటిని కొడితే గడ్డిమందు కడుపును కొట్టింది. పదిమంది ఆడవాళ్ళు రెండు దినాలు తీసే కలుపును ఒక మనిషి ఒక పూటలో మాడ్చేస్తాడు. కలుపు కైకిలి పోయింది. దాంతో పాటు కొంగులోని గంగవాయిలి, గునుగు పోయినయి. శాస్త్రవేత్తకు అది కలుపు, మా ఇండ్లల్లో అది కూర. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ గ్లైఫోసేట్‌ను బహుశా క్యాన్సర్ కారకమని వర్గీకరించింది. దాని వాడకాన్ని 2022లో కేంద్రం పరిమితం చేసింది. క్యాన్సర్ గురించి చర్చ జరిగింది. పోయిన కైకిలి గురించి, పోయిన కూర గురించి చర్చ జరగలేదు.

అయితే పాత మెదక్ జిల్లాలోనే దీనికి జవాబు చెప్పిన ఆడవాళ్ళున్నారు. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు పడావు పడ్డ చెల్కలను దున్ని, రసాయనాలు లేకుండా జొన్న, కొర్ర, కంది కలిపి పండించారు. విత్తనం తామే దాచుకున్నారు. రేషన్ బియ్యానికి బదులు తాము పండించిన జొన్నలతో ధాన్య నిధి నడిపారు. 2008 అక్టోబర్ 15న మాచునూర్‌లో సొంత రేడియో పెట్టారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. స్వచ్ఛంద సంస్థల పద్ధతుల మీద మాకు ప్రశ్నలున్నాయి. కానీ భూమి చేతిలో ఉంటేనే విషాన్ని వద్దనగలమని ఈ మహిళలు రుజువు చేశారు. కైకిలికి పోయే మనిషికి ఏ మందు కొట్టాలో చెప్పే హక్కు లేదు, కొట్టను అంటే రేపు పని లేదు. కాబట్టి విషం లేని తిండి అనేది మొదట భూమి ప్రశ్న, ఆ తర్వాతే అంగడిలో సేంద్రియ బియ్యం ప్రశ్న.

దౌల్తాబాద్ మండలంలోని మన వాడల్లో ఈ చరిత్ర ఇంకా రాయవలసే ఉన్నది. చదువుకున్న పిల్లలు, టీచర్లు, కార్యకర్తలు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎవరు కలిపిండ్రు, ఎవరు కొట్టిండ్రు, ఏ మందు, ఆ దినం కైకిలి ఎంత, సాయంత్రం ఒళ్ళు ఎట్లున్నది రాయండి. కలుపుకు పోయి కూర తెచ్చిన ముసలవ్వలను ఏ కూర ఏ చేన్లో దొరికేదో అడిగి రాయండి. ఊరి దవాఖానలో మందు కొట్టి పడిపోయినవాళ్ళ పేరు కూడా రిజిస్టర్లో ఎక్కించమని అడగండి. మాన్సీనీ బృందం ఆ మూడు పల్లెల్లో ఆడరైతుల చేత చేయించింది అంతే. మన పల్లెల్లో ఆ పని మనమే చేసుకోవాలి. రాసినవి మాకు పంపితే ఈ చర్చను ముందుకు తీసుకుపోతాం.