ఎల్లోస్టోన్ ఎలుగుబంట్లు

అడవికి వెళ్ళి వన్యమృగాలను కళ్ళారా చూడాలని ఎవరికి ఉండదు? కాని చూచేవారి సరదా మృగాల నడవడినే మార్చివేస్తే పర్యవసానం ఎట్లా ఉంటుంది? అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఎల్లోస్టోన్ జాతీయవనం చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని సమాధానం చెపుతుంది.

1872 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో ఈ వనం ఏర్పడినది. దీని వైశాల్యం సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు. ప్రజల ప్రయోజనం కొరకు, ఆనందం కొరకు ఈ ప్రదేశాన్ని ప్రత్యేకించినట్లు ఆ శాసనంలోనే ఉన్నది. మొదట యాత్రికులను ఆకర్షించినవి అక్కడి వేడినీటి బుగ్గలు. వారికోసం హోటళ్ళు వెలసినవి. హోటళ్ళవారు వంటశాలల్లో మిగిలిన పదార్థాలను సమీపంలోనే కుప్పలుగా పోసేవారు. ఆ వాసన పట్టి ఎలుగుబంట్లు రాసాగినవి. వాటిని చూడడానికి సాయంకాలం జనం గుమిగూడేవారు. క్రమంగా ఇది ఒక ప్రదర్శనగా మారి, ప్రేక్షకులకు బల్లలు కూడ ఏర్పాటైనవి.

చేతితో మేత పెట్టరాదని 1902లోనే నిబంధన చేసినారు. కాని అది అమలు కాలేదు. 1915లో మోటారు కార్లను అనుమతించిన తరువాత ఎలుగుబంట్లు బాటల ప్రక్కన నిలిచి తినుబండారాల కొరకు ఎదురుచూడడం అలవాటు చేసుకున్నవి.

ఎలుగుబంటి సర్వభక్షకి. శీతకాలపు దీర్ఘనిద్రకు ముందు అది శరీరంలో కొవ్వును నిలువ చేసుకోవాలి. అందువల్ల శ్రమ లేకుండ ఆహారం దొరికిన చోటును మరచిపోదు. తల్లి వెంట తిరిగే పిల్లలూ ఆ చోటును నేర్చుకుంటవి. మనిషంటే బెరకు పోయిన జంతువు, ఇవ్వకపోతే లాక్కోవడానికి వెనుదీయదు. 1931 నుండి 1969 వరకు ఎల్లోస్టోన్‌లో ఏటా సగటున 48 మంది ఎలుగుబంట్ల వల్ల గాయపడినారు. గాయపరచిన ఎలుగుబంట్లలో అనేకం ప్రాణాలు కోల్పోయినవి. ప్రేమతో పెట్టిన రొట్టెముక్క చివరకు ఆ జంతువుకే ముప్పు తెచ్చినదన్నమాట.

1959లో ఫ్రాంక్, జాన్ క్రెయిగ్‌హెడ్ సోదరులు ఇక్కడి గ్రిజ్లీ ఎలుగుబంట్లను పరిశీలించడం ప్రారంభించి, 1961 నుండి వాటి మెడలకు రేడియో పట్టీలు కట్టి సంచారాన్ని తెలుసుకున్నారు. చెత్తకుప్పలను ఒక్కసారిగా కాక మెల్లగా తొలగించాలని వారు సలహా ఇచ్చినారు. వనాధికారులు మాత్రం త్వరగా మూసివేయడమే మేలని తలచి, 1970లో చివరి కుప్పను మూసివేసినారు. అలవాటైన తిండి పోయిన గ్రిజ్లీలు యాత్రికుల విడుదులపై పడినవి; ఎన్నో హతమైనవి. 1975లో ఈ ప్రాంతపు గ్రిజ్లీలను ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో చేర్చినారు. ఆనాటికి ఎల్లోస్టోన్, దాని పరిసరాలలో మిగిలినవి దాదాపు 136 మాత్రమేనని అంచనా.

తరువాత ఎలుగుబంట్లు తెరవలేని చెత్తడబ్బాలు వచ్చినవి. మేత నిషేధం ఖచ్చితంగా అమలైనది. గ్రిజ్లీలు తిరిగి పైన్ గింజలు, చేపలు, దుంపలు, ఎల్క్ దూడలు మున్నగు సహజాహారానికి మరలినవి. ఇటీవలి అంచనాల ప్రకారం వాటి సంఖ్య సుమారు 1,000. వనంలో గాయపడేవారు ఏడాదికి సగటున ఒకరు.

నేడు అక్కడ ఎలుగుబంటికి కనీసం 91 మీటర్ల దూరంలో ఉండాలని నియమం. యాత్రికులు దుర్భిణులతో చూచి ఆనందిస్తారు. వారికి కనిపించేది బిస్కట్టు కోసం చేయి చాచే జంతువు కాదు; నేల త్రవ్వి తన ఆహారం తాను వెదకుకొనే అడవి ఎలుగుబంటి.