క్యాన్సర్ పోయింది, కన్నీరు మిగిలింది

మా టీములో ఒక అమెరికన్ పెద్దాయన ఉన్నాడు. ఆ మధ్య ఆయనకి కంటి మూలలో, ముక్కు పక్కన చిన్న చర్మ క్యాన్సర్ వస్తే కోసి తీసేశారు. క్యాన్సర్ పూర్తిగా పోయింది. ఆ కన్ను మాత్రం కారుతూనే ఉంటుంది. మీటింగులో రుమాలు తీసినప్పుడల్లా కొత్తవాళ్ళు ఈయనకేదో కష్టమొచ్చింది అనుకుంటారు. "ఇలా అవ్వచ్చని ముందే ఒక్క మాట చెప్తే బాగుండేది" అంటాడాయన. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెడితే దీని వెనక పెద్ద చరిత్రే ఉంది.

ముందు ప్లంబింగ్ సంగతి. కన్నీరు ఏడ్చినప్పుడే కాదు, రోజంతా ఊరుతూనే ఉంటుంది. పై రెప్పకొకటి, కింది రెప్పకొకటి, ముక్కు వైపు అంచున సూదిమొనంత రంధ్రాలుంటాయి. అక్కణ్ణుంచి సన్నటి గొట్టం సుమారు 2 మి.మీ. నిలువుగా, 8 మి.మీ. అడ్డంగా వెళ్ళి ఒక సంచిలో కలుస్తుంది. సంచిలోంచి ముక్కులోకి. ఏడిస్తే ముక్కు కారేది అందుకేనన్నమాట! రెప్పల మీద బేసల్ సెల్ కార్సినోమా ఎక్కువగా వచ్చేది కింది రెప్ప మీద, ఆ తర్వాత సరిగ్గా ఈ మూలలోనే.

ముఖాన్నీ రెప్పల్నీ నెమ్మదిగా తినేసే ఈ పుండు గురించి డబ్లిన్ వైద్యుడు ఆర్థర్ జాకబ్ 1827లోనే రాశాడు. కోసేవాళ్ళకి చిక్కేమిటంటే దీని అంచు కంటికి సరిగ్గా కనపడదు. ఎక్కువ కోస్తే గొట్టం పోతుంది. తక్కువ కోస్తే క్యాన్సర్ మిగిలి కనుగుడ్డు వెనక్కి పాకొచ్చు.

దీనికి దారి చూపించింది విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ మోస్. 1936 నుంచి ఆయన జింక్ క్లోరైడ్ లేపనం పూసి, ఒక్కో పొర కోసి, మైక్రోస్కోపులో చూసి, క్యాన్సర్ మిగిలిన చోట మాత్రమే మళ్ళీ కోసేవాడు. అచ్చం మన డీబగ్గింగే. కానీ లేపనం నొప్పి, పైగా చాలా ఆలస్యం. 1953లో ఒక కింది రెప్ప క్యాన్సర్ ఆపరేషన్‌ని సినిమా తీస్తుంటే, ఆలస్యం తగ్గించడానికి లేపనం లేకుండా మత్తు ఇచ్చి పచ్చి పొరనే కోసి చూశాడు. పనిచేసింది! 1974లో ట్రోమోవిచ్, స్టెగ్‌మన్ తమ ఫలితాలు ప్రచురించాక ఈ పద్ధతి బాగా పాకింది.

ఇంకోపక్క గొట్టాలు బాగుచేసేవాళ్ళ కథ. 1904లో ఇటలీలో టోటి, సంచి నుంచి ముక్కులోకి ఎముక తొలిచి కొత్త దారి వేశాడు. 1962లో లెస్టర్ జోన్స్, గొట్టాలే పాడైనవాళ్ళకి గాజు గొట్టం పెట్టడం గురించి రాశాడు. 1970లో క్వికర్ట్, డ్రైడెన్‌ల సిలికాన్ గొట్టం వచ్చింది. తెగిన గొట్టం మానేదాకా మూసుకుపోకుండా ఇది కాపాడుతుంది.

మరి ఇన్ని ఉన్నా కన్ను ఎందుకు కారుతుంది? మోస్ పద్ధతి అనవసరమైన కోతని తగ్గిస్తుందే గానీ, క్యాన్సర్ గొట్టంలోకే దిగితే గొట్టాన్ని వదలమనదు. వదలకూడదు కూడా. ముక్కులోకి కొత్త దారి కూడా చాలామంది వెంటనే వెయ్యరు. ఎక్కడైనా క్యాన్సర్ మిగిలుంటే ఆ దారినే లోపలికి పోతుందని భయం. అందుకే కొన్నాళ్ళు ఆగి చూస్తారు. కొంతమందికి పై గొట్టం ఒక్కటే సరిపోయి, ఇంకేం అవసరం పడదు.

అంటే మా పెద్దాయన డాక్టరు తప్పు కోసాడని నేననను. ప్రాణం ముందు, గొట్టం తర్వాత. కానీ మనం ప్రొడక్షన్‌లో చిన్న ప్యాచ్ వేసినా ఏది ఆగిపోవచ్చో ముందే రాసి పెడతాం కదా? మీ ఇంట్లో ఎవరికైనా కంటి దగ్గర కోత పడాల్సి వస్తే, గొట్టం ఎంత దూరంలో ఉంది, తెగితే అప్పుడే బాగుచేస్తారా, ఎవరు చేస్తారు అని అడగండి. కత్తి పట్టకముందే.